ఐదు గంటల స్నానం

పన్నెండో వంతు, 2వ రోజు

ఈ దినచర్య రాయమన్నది నేను కాదు, డిపార్ట్‌మెంటు. రాజకీయార్థిక తత్వశాస్త్రం ఎం.ఏ. చదివేవాళ్లు రోజూ చేసిన పనులు రాసి, ప్రతి పని పక్కనా దాని వెనకున్న న్యాయసూత్రం ఏమిటో రాయాలట. పొద్దున లేచి దుప్పటి మడతపెట్టాను. దీని వెనక ఏ న్యాయసూత్రమూ లేదు. మడతపెట్టకపోతే పై బల్ల మీద పడుకునే పిల్ల దిగేటప్పుడు తొక్కుతుంది, అంతే. తర్వాత కరెంటు తీసే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. దీని వెనక దోపిడీ ఉంది. ఇరవై ఆరేళ్లు కరపత్రాలు రాసిన మనిషి చేత, ఫీజు మినహాయించామన్న వంకతో, యాభై మూడేళ్ల వయసులో రోజుకు నలభై పలకలు తుడిపిస్తున్నారు. రాసుకోండి.

ఒడ్డున ఉండేవాళ్లు కూడా చదువుతారు, వాళ్లకి అర్థమయ్యేలా రాయి మంగతాయారూ అని ఆచార్య వకుళ గారు మరీ మరీ చెప్పారు. సరే. మా విశ్వవిద్యాలయం అంటే పదకొండు తెప్పలు. తెప్పల కింద సముద్రం, సముద్రం కింద ఒకప్పటి కోనసీమ. ఎటు చూసినా నీళ్లే, ఒంటికి పనికొచ్చేవి మాత్రం కావు. ఉప్పు తీసే యంత్రం ఎంత ఇస్తే అంతే. అందుకని తొమ్మిది రోజులకొకసారి మనిషికి నాలుగు బకెట్ల మంచినీటి స్నానం. దాన్నే వంతు అంటాం. వారాలూ నెలలూ మాకు గుర్తుండవు, ఈ ఏడాదిలో ఇది ఎన్నో వంతో మాత్రం ఎవరూ మరిచిపోరు. ఆచార్యులకీ నాలుగు బకెట్లే, తెప్పల అడుగుకి దిగి అక్కడ అతుక్కున్న గుల్లలు గీకే నూకాలుకీ నాలుగు బకెట్లే. ఈ భూమ్మీద, అదే, ఈ నీళ్లమీద మిగిలిన ఏకైక సమానత్వం ఇది.

దానికి కన్నం వెయ్యడానికి ఒకడు బయల్దేరాడు. నా క్లాసువాడే. పేరు కిరీటి, ఇరవై తొమ్మిదేళ్లు. ఉప్పు తీసే యంత్రం దగ్గర ఇంజనీరుగా చేసి, అది చాలక చదువుకొచ్చాడు. ఎప్పుడూ నవ్వుమొహం. భోజనశాల తలుపు మీద ఇవాళ తీర్మానం అంటించాడు: 'ఎవరి స్నానం వంతు వారి సొంతం. దాన్ని ఇతరులకు ఇచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు.' వచ్చే వంతు ఎనిమిదో రోజున సభలో ఓటు.

అంబలి గిన్నెతోనే వెళ్లి వాడి ముందు కూర్చున్నాను.

"ఏమిటయ్యా ఇది? రేపు ఊపిరి కూడా అమ్ముకోమంటావా?"

"అమ్ముకోమనలేదండి అక్కగారూ. అమ్ముకోవచ్చు అన్నాను."

"అవసరంలో ఉన్నవాడికి ఆ రెండింటికీ తేడా ఏముంటుంది?"

"భలే ఉందండి. ఇది సభలో చెప్పండి."

"చెప్పకుండా వదుల్తాననుకున్నావా!"

"అయితే ముందు నా మాట చెప్పాలి కదండీ మీరు," అని నవ్వాడు.

నవ్వడూ మరి.

పన్నెండో వంతు, 3వ రోజు

వాడెందుకు నవ్వాడో రాస్తాను.

తెప్పలు కట్టిన కొత్తలో సభలో తిట్లు తప్ప మరేమీ ఉండేవి కావట. తాడు ఎవరు బిగించాలన్న చర్చ మూడు రోజులు సాగేసరికి రెండు తెప్పలు ఊడి సముద్రంలోకి పోయాయి. చర్చ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అప్పుడు పెట్టిన నియమం ఎదుటిమాట. ఎవరి మాటనైనా ఖండించాలంటే ముందు ఆ మాటను వాళ్లు ఒప్పుకునేలా నువ్వు చెప్పాలి. చెప్తున్నంతసేపూ వాళ్ల బొటనవేలు నాడిపెట్టెలో ఉంటుంది. 'అవును, ఇదే నా మాట' అని లోపల అనిపిస్తేనే పచ్చ దీపం వెలుగుతుంది. మర్యాదకి ఒప్పుకున్నా వెలగదు, కక్షకొద్దీ కాదన్నా ఆరదు. పెట్టె నోటిని నమ్మదు, నాడినే నమ్ముతుంది. పచ్చ దీపం రానిదే సభలో మైకు తెరుచుకోదు. రోజుకు మూడు ప్రయత్నాలు.

గ్రంథాలయంలో ఒక మూల ఉంది పెట్టె. ఇద్దరం కూర్చున్నాం. మొదటి ప్రయత్నం: "లేనివాడి ఒంటి మీద పడే నాలుగు చెంబుల నీళ్లు కూడా లాక్కోవాలన్నది కిరీటి గారి మనోహరమైన ఆశయం." ఎరుపు.

"మనోహరమైన అనకుండా ఉండాల్సిందండి," అన్నాడు.

రెండోసారి ఆ మాట తీసేసి అదే చెప్పాను. ఎరుపు. మూడోసారి నిజంగా ప్రయత్నించాను, ఒట్టు. "మనిషికి స్వేచ్ఛ ముఖ్యమని నమ్మే అమాయకుడైన కిరీటి..." ఎరుపు. వాక్యం పూర్తి కూడా కాలేదు.

తర్వాత వాడి వంతు. నా బొటనవేలు పెట్టాను. వాడు గొంతు సవరించుకుని ఇలా అన్నాడు: "కొన్నింటిని అమ్మకానికి పెట్టిన క్షణంలోనే అవి పాడైపోతాయి. నీళ్ల దగ్గర అందరం ఒకే వరుసలో నిలబడుతున్నాం కాబట్టే మనం ఒక ఊరు. ఆ వరుసలో చోటు అమ్ముకోవచ్చంటే, గతిలేనివాళ్లు అమ్ముతారు, ఉన్నవాళ్లు రెండుసార్లు నిలబడతారు. అప్పుడిది ఊరు కాదు, సంత."

పచ్చ. మొదటిసారికే. వాడింకా నోరు మూయకముందే.

"ఒప్పుకోను. ఇందులో కోపం ఏదీ? నా మాట అంటే కోపం ఉండాలి," అన్నాను.

"పెట్టె ఒప్పుకుందండీ," అన్నాడు.

ఇరవై ఆరేళ్లలో నా సిద్ధాంతాన్ని ఇంత బాగా చెప్పినవాళ్లు లేరు. నాతో సహా. దొంగ వెధవ.

పన్నెండో వంతు, 6వ రోజు

ఇప్పటికి పన్నెండు ప్రయత్నాలు, పన్నెండు ఎరుపులు. ఇవాళ వాడి వాదనలోని ఒక్క మాట కూడా మార్చకుండా తీర్మానాన్నే చదివాను. అయినా ఎరుపు. "నా గొంతుతో చదివారండి, వెక్కిరిస్తూ," అన్నాడు. పెట్టెకి వెక్కిరింత కూడా తెలుస్తుందట. ఈ యంత్రాన్ని కనిపెట్టినవాడు కచ్చితంగా ఉదారవాది.

ఆచార్య వకుళ గారికి ఫిర్యాదు చేశాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మంగతాయారూ, నీకు శత్రువు కావాలా, అవతలి మాట కావాలా?" అని అడిగారు. రెండూ ఒకటే కదా మేడమ్ అన్నాను. ఆవిడ నా దినచర్య పుస్తకం తిరగేసి, 'న్యాయసూత్రం' వరుసలో పదిహేనుచోట్ల 'దోపిడీ' అని ఉండటం చూసి, పుస్తకం మూసి తిరిగిచ్చేశారు.

పన్నెండో వంతు, 9వ రోజు

ఇవాళ మా మూడో తెప్ప వంతు. పొద్దున పది గంటలకు గుల్లలు గీకేవాళ్లు, పదకొండు మంది. తర్వాత వంటవాళ్లు, పడవలవాళ్లు. సాయంత్రం ఐదు గంటలకు మేము పదకొండు మంది ఎం.ఏ. వాళ్లం, ఇంకో పదకొండు మంది ఆచార్యులు.

మధ్యాహ్నం పలకలు తుడుస్తుంటే, నూకాలు నిచ్చెనెక్కి పైకొచ్చింది. నడుముకి తాడు, చేతిలో గీకుడుకత్తి. వీపు చూశాను. మెడ నుంచి నడుము దాకా ఉప్పు పొక్కులు, కొన్ని పగిలి రసి కారుతున్నాయి. వంతు రోజున కూడా ఒంటినిండా తెల్లగా ఉప్పు! స్నానం చేసిన రెండు గంటల్లో మనిషిని మళ్లీ ఇలా చేసే పని పని కాదు, శిక్ష.

"నూకాలూ, చూడు నీ వీపు!" అన్నాను.

"నా ఈపు నాకెలా కనబడతాదండీ పిన్నిగోరూ," అంది.

"అక్కా అనమన్నానా."

"మీకేమో యాభై మూడు, నాకేమో ముప్పై నాలుగు. అక్కేటండీ బాబూ, మా ఆయన నవ్వుతాడు." తాడు విప్పుకుంటూ నా పక్కన చతికిలబడింది. "అదేనండి, ఆ వంతు సంగతే మీతో ఒక ముక్క సెప్పుకుందామని..."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నాకు తెలుసు. నీ వంతు నీ చేతిలోంచి పోనివ్వను. అది వస్తువు కాదు నూకాలూ, హక్కు. హక్కుకీ వస్తువుకీ తేడా ఏమిటంటే..."

చాలాసేపు వివరించాను. శ్రద్ధగా విన్నది. చివర "ఆయ్" అంది, లేచి వెళ్లింది. ఆ 'ఆయ్'లో ఎంత విశ్వాసం! వచ్చి కూర్చుని 'నూకాలు వీపు' అనే కరపత్రం మొదలుపెట్టాను. ఒక్క ఊపులో పన్నెండు పేజీలు వచ్చాయి.

ఐదు గంటలకు స్నానం. ఈసారి కూడా నాలుగు బకెట్లకు బదులు ఆరు. ఈమధ్య ప్రతి వంతుకీ ఇలాగే తలా రెండు మిగులుతున్నాయి. కిరీటి పక్క గదిలో కూనిరాగం తీస్తూ పోసుకుంటున్నాడు. తడిక మీదుగా అరిచాను:

"చూశావా! ఎవరూ కొనకుండా, ఎవరూ అమ్మకుండా మిగులు అందరికీ ఎలా అందిందో! ఉమ్మడి ఆస్తి అంటే ఇదీ!"

"సబ్బు కళ్లలో పడిందండీ," అన్నాడు. వాదనకి జవాబు లేనప్పుడు ఇలాంటివే అంటారు.

ఆరో బకెట్టు మెల్లగా, నడినెత్తి మీంచి పోసుకున్నాను. న్యాయసూత్రం: సుఖం.

పదమూడో వంతు, 7వ రోజు

నలభై ఒక్క ప్రయత్నాలు. రేపే సభ. నా మైకు తెరుచుకోకపోతే తీర్మానం ఎదురులేకుండా నెగ్గుతుంది. అప్పుడు నూకాలు లాంటివాళ్లు ఏ బియ్యానికో, బిడ్డ మందులకో స్నానం వదులుకుని ఆ పొక్కులతోనే దిగుతారు. కరపత్రం ముప్పై రెండు పేజీలు అయింది, కానీ కరపత్రాలకి ఓటు లేదు.

సాయంత్రం భోజనశాలలో గిన్నెలు తోమే పని మా ఇద్దరికీ పడింది. కిరీటి జాలిపడి పెట్టెను అక్కడికే మోసుకొచ్చాడు. గట్టు మీద పెట్టి, ఎడమచేతి బొటనవేలు అందులో ఉంచి, కుడిచేత్తో పళ్లాలు తుడుస్తున్నాడు. నాకు తిట్టే ఓపిక కూడా పోయింది. మాడిన డేగిసా గోకుతూ, డేగిసాతోనే అన్నట్టుగా అన్నాను:

"నా వంతు నాకు పనికిరాని రోజున అది ఊరికే పోవాల్సిందేనా? ఎవరికివ్వాలో నాకు తెలుసు. నాకేది మంచిదో నాకు తెలియదని మీరెందుకు అనుకుంటున్నారు?"

పచ్చ.

డేగిసాలోంచి నీళ్లు నా కాళ్ల మీద కారుతున్నాయి. ఇంతలో నాకు ఒళ్లు మండింది. మాట బాగుంది మరి. అంత బాగుండాల్సిన అవసరం ఏముంది?

"ఎక్కడిదయ్యా నీకీ ఆలోచన?" అన్నాను. "ఇది పుస్తకాల్లో మాటలా లేదు."

"నూకాలు అడిగిందండి. ఐదు వంతుల కిందట, నిచ్చెన దగ్గర. 'నా వంతు మా తోడికోడలికి ఇచ్చుకోవచ్చేటండీ' అని."

"ఎందుకిస్తానంది?"

కిరీటి పళ్లెం తుడవడం ఆపాడు. మొట్టమొదటిసారి వాడి మొహంలో నవ్వు లేదు.

"అది అడగలేదండి. ఆ సాయంత్రమే సిద్ధాంతం మొదలుపెట్టాను. డెబ్భై పేజీలు వచ్చింది."

నేను ఎగిరి గంతేశాను. దొరికాడు! మాట వాడిది కాదు, నూకాలుది. నియమం ప్రకారం మాట సొంతదారు బొటనవేలే పెట్టెలో ఉండాలి. "అయితే రేపు సభకి ఆవిడే వస్తుంది," అన్నాను. "నీ నాడి కాదు, నూకాలు నాడి చూద్దాం. నువ్వు చెప్తే ఏ రంగొస్తుందో, నేను చెప్తే ఏ రంగొస్తుందో ఊరంతా చూస్తుంది."

"మంచిదండి," అన్నాడు, కొంచెం ఆలోచిస్తూ.

పదమూడో వంతు, 8వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను. వద్దనిపిస్తోంది, అయినా రాస్తాను.

సభలో రెండొందల మంది. అధ్యక్షురాలు ఆచార్య వకుళ గారు. ఆవిడ పక్కన రిజిస్ట్రారు పేర్రాజు గారు, ఒళ్లో పట్టికల కట్ట. నూకాలు పని నుంచి తిన్నగా వచ్చింది. జుట్టులోంచి ఇంకా ఉప్పునీళ్లు కారుతున్నాయి. పెట్టె ముందు కూర్చోబెడితే, "ఇది కరవదు కదండీ?" అని అడిగి వేలు పెట్టింది.

కిరీటి లేచాడు. "నూకాలు అనేదేమిటంటే, తన వంతు తన సొంతం కాబట్టి దాన్ని ఇష్టమైనవారికి ఇచ్చుకునే స్వేచ్ఛ కావాలి."

ఎరుపు.

నా గుండె పొంగింది. చీర కొంగు బిగించి లేచాను. "నూకాలు అనేదేమిటంటే, తన వంతు తన హక్కు. దాన్ని ఏ సంతలోనూ ఎవరూ బేరం పెట్టకుండా ఈ సభ కాపాడాలి!"

ఎరుపు. నాకైతే వాడికి వచ్చిన దానికంటే ముదురు ఎరుపులా అనిపించింది.

వెనక బల్లల మీద పడవలవాళ్లు నవ్వారు. "పెట్టె పాడైంది," అన్నాను. ఇంకా నవ్వారు.

"మరి నీ మాటేమిటో నువ్వే చెప్పమ్మా," అన్నారు వకుళ గారు.

పేర్రాజు గారు చెయ్యెత్తారు. "నియమం మేడమ్. వాళ్లిద్దరి మాటా కాదంటోంది కాబట్టి, ముందు వాళ్లిద్దరి మాటా ఆవిడ చెప్పాలి."

నేను లేచి అరిచాను: ఎం.ఏ. చదివే నాకే నలభై రెండుసార్లు పట్టింది, ఈ మనిషిని పట్టుకుని ఇప్పటికిప్పుడు చెప్పమంటారా, ఇది అన్యాయం! నూకాలు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పర్లేదండి పిన్నిగోరూ. సెప్తాను. వేలెట్టండి."

ముందు కిరీటి వేలు పెట్టాడు. నూకాలు అంది: "ఈ బాబుగోరు అనేదేటంటే, నాదీ అన్నది నా సేతిలో ఉండాల, దాంతో ఏటి సేసుకోవాలో ఇంకోళ్లు సెప్పకూడదు."

పచ్చ.

తర్వాత నేను. "ఈ పిన్నిగోరు అనేదేటంటే, నాబోటిదానికి దిక్కులేక దాన్ని అమ్మేసుకుంటానేమోనని ఆవిడికి బయం. నాకన్నా ముందే ఆవిడికి ఏడుపొచ్చేత్తాది. అందుకని నన్ను అడక్కుండానే నా తరపున దెబ్బలాడతాది."

పచ్చ. ఎంత పచ్చ! చెయ్యి లాక్కుందామనుకున్నాను, రాలేదు.

సభంతా చప్పట్లు. మైకు తెరుచుకుంది. నూకాలు దాని దగ్గరికి వంగి, మరీ దగ్గరగా, బుసబుసమంటూ మాట్లాడింది:

"నాకు అమ్ముకోడం వద్దండి, దాసుకోడం వద్దండి. మా వంతు పది గంటలకండి. పది గంటలకి మేము తెప్ప కింద ఉంటామండి. ఎండ నీట్లోకి దిగేది ఎనిమిది నించి పన్నెండు, అప్పుడే గీకాల. పైకొచ్చేతలికి వంతు అయిపోయిందంటారు. పద్నాలుగు వంతులైందండి నేను తానం సేసి. వానొత్తే వాన. మా తోడికోడలు పైన వలలల్లుద్ది, ఊరికే పోయే నీళ్లు అదన్నా పోసుకుంటాదని బాబుగోర్ని అడిగానండి. అంతే."

వకుళ గారు నెమ్మదిగా పేర్రాజు గారి వైపు తిరిగారు.

"మీకు చెప్పలేదా వీళ్లు?"

"చెప్పారండి. పట్టికలో ఉందన్నాను. పట్టిక మార్చమని ఎవరూ తీర్మానం పెట్టలేదు కదండీ."

"మరి వాళ్లు పోసుకోని నీళ్లు?"

పేర్రాజు గారు కాగితం తిప్పారు. "పదకొండు మంది, తలా నాలుగు, నలభై నాలుగు బకెట్లు. మిగులు కింద రాసి, ఆ రోజు ఆఖరి వరుసకి పంచుతున్నామండి. ఐదు గంటల వరుస. ఇరవై ఇద్దరు. తలా రెండు."

ఆరో బకెట్టు నా నడినెత్తి మీద మళ్లీ పడింది. ఈసారి చన్నీళ్లు. ఉమ్మడి ఆస్తి అని తడిక మీదుగా అరిచింది నేనే. కిరీటి నావైపు చూశాడు, నేను వాడివైపు చూశాను. పదిహేను రోజులుగా ఒకరి మాట ఒకరం పట్టి పట్టి చెప్పుకున్నాం. వాడిది డెబ్భై పేజీలు, నాది ముప్పై రెండు. ఏ గంటకి అని ఒక్కరమూ అడగలేదు. ఆవిడ చెప్పబోతే నేను హక్కుకీ వస్తువుకీ తేడా చెప్పాను!

కిరీటి తీర్మానం వెనక్కి తీసుకున్నాడు. అక్కడికక్కడే కొత్తది రాశాడు: గుల్లలు గీకేవాళ్లకి ఐదు గంటలు, ఎం.ఏ. వాళ్లకి పది గంటలు. ఓటుకి పెట్టారు. ఐదు గంటల స్నానం అంటే ఏమిటో ఒడ్డువాళ్లకి ఎలా చెప్పను? ఎండలో నలభై పలకలు తుడిచాక, ఆ చల్లని వేళ... సరే. చెయ్యెత్తాను. ఆ సమయంలో నా బొటనవేలు పెట్టెలో లేదు, నా అదృష్టం.

పదమూడో వంతు, 9వ రోజు

పది గంటలకు స్నానం, నాలుగు బకెట్లు. అదే పది గంటలకు 'న్యాయమైన పంపిణీ' మీద వకుళ గారి క్లాసు. స్నానానికి వెళ్తే క్లాసు పోయింది. పదకొండు మందిమీ వెళ్లాం. తర్వాత మావాళ్లు పేర్రాజు గారికి అర్జీ రాశారు. ఆ అర్జీ మీద నేను సంతకం పెట్టలేదు.

పెట్టాను. దినచర్యలో అబద్ధం రాయకూడదట.

అరగంటలో జవాబు వచ్చింది. ఇకనుంచి వంతు రోజున క్లాసు పదకొండున్నరకి. తీర్మానం అక్కర్లేకపోయింది. పట్టిక దానంతటదే కదిలింది. నీళ్లలో దిగేవాళ్లు అడిగితే పద్నాలుగు వంతులు, పుస్తకాల్లో దిగేవాళ్లు అడిగితే అరగంట! ఆచార్య వకుళ గారూ, ఈ వాక్యం పక్కన న్యాయసూత్రం మీరే రాయండి, నాకు చేతకావడం లేదు.

సాయంత్రం ఐదింటికి పలకలు తుడుస్తుంటే స్నానాల గదుల్లోంచి నూకాలు వాళ్ల కేకలు, నవ్వులు, బకెట్ల చప్పుడు. ఎవరో 'ఓలమ్మో' అని అరిచారు, పొక్కుల మీద మంచినీళ్లు పడ్డాయి కాబోలు. మిగిలిన పది తెప్పల్లో గుల్లలు గీకేవాళ్ల వంతు ఇంకా పది గంటలకే ఉందని పేర్రాజు గారిని అడిగి కనుక్కున్నాను. నిన్ననే అడగాల్సింది. ఇరవై ఆరేళ్ల కిందటే అడగాల్సింది.

పద్నాలుగో వంతు, 3వ రోజు

కరపత్రాన్ని పది తెప్పల్లోనూ అంటించాలి. అచ్చుకి ఇచ్చేముందు నాడిపెట్టె చంకన పెట్టుకుని నూకాలు దగ్గరికి వెళ్లాను. నిచ్చెన దగ్గర కూర్చుని కత్తి నూరుకుంటోంది. వీపు మీద పొక్కులు మానుముఖం పట్టాయి. వేలు పెట్టించి, ముప్పై రెండు పేజీలూ చదివాను. ఎరుపు. విశేషణాలు తీసేసి చదివాను. ఎరుపు. చరిత్ర తీసేశాను, రూపకాలు తీసేశాను, నా పేరొచ్చినచోట్లన్నీ కొట్టేశాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు. నియమం రోజుకు మూడే అంటుంది కానీ, లెక్కపెట్టేవాళ్లెవరూ అక్కడ లేరు.

చివరికి ఒక్క వాక్యం మిగిలింది.

"పనయ్యాకే మాకు నీళ్లు రావాల."

పచ్చ.

"అదేనండి నేనన్నది," అంది నూకాలు.

అచ్చాయనకి ఇస్తే, ముప్పై రెండు పేజీలకి కాగితం తీసిపెట్టమని చెప్పి తీరా ఈ ఒక్క ముక్కేనా అని విసుక్కున్నాడు. పెద్ద అక్షరాలు వెయ్యమన్నాను. సాయంత్రానికి పది కాగితాలు తయారయ్యాయి. మొదటిది అంటించడానికి పడవ ఎక్కుతుంటే, అచ్చు వెయ్యని ఆ ముప్పై రెండు పేజీల కట్ట నా చంకలో చూసి నూకాలు ఆపింది.

"ఇంతకీ అన్ని పేజీల్లో ఏటి రాశారండీ?"

"కోపం," అన్నాను.

పడవ తాడు విప్పి నా చేతికి విసిరింది.

"పారెయ్యకండి పిన్నిగోరూ. ఇంకా పది తెప్పలున్నాయి కదా."